తుంటికి పొన్ను వేస్తే చాలదా?

డాక్టరు గారూ, నాకు 36 ఏళ్లు. కోవిడ్ వచ్చినప్పుడు స్టెరాయిడ్లు ఎక్కించారు. ఏడాది తిరిగాక కుడి తుంటి నొప్పి మొదలైంది. ఎమ్మారై తీసి ఏవీఎన్, మూడో దశ అన్నారు. తుంటి మొత్తం మార్చాలట. టెన్నిస్ ఆటగాడు ఆండీ ముర్రే రీసర్ఫేసింగ్ చేయించుకుని మళ్లీ ఆడాడు కదా, నాకెందుకు చేయరు?
- ఒక పాఠకుడు, ఖమ్మం

ముర్రే సంగతి నిజమే. 2019 జనవరిలో లండన్‌లో ఆపరేషన్ అయింది. అదే ఏడాది అక్టోబరులో ఆంట్‌వెర్ప్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచాడు. అయితే ఆయన తుంటి వేరు, మీ తుంటి వేరు.

మన ఇళ్లలో రోకలికి పొన్ను వేయించేవాళ్లు. కర్ర గట్టిదైతే ఆ పొన్ను ఏళ్లకేళ్లు నిలిచేది. కర్రే పుచ్చిపోతే ఎంత మంచి పొన్నయినా ఊడి వచ్చేది. రీసర్ఫేసింగ్ అచ్చం ఈ పొన్ను పనే. తొడ ఎముక తలను పైపైన చెక్కి, కోబాల్ట్-క్రోమియం టోపీ తొడిగి సిమెంటుతో అతికిస్తారు. అవతల గిన్నెలోనూ అదే లోహం. మొత్తం మార్పిడిలోనైతే తలను మెడతో సహా కోసేసి, తొడ ఎముక లోపలికి లోహపు కాడ దింపి, దాని మీద కొత్త బంతి పెడతారు.

ముర్రేది అరిగిన కీలు. మీది రక్తం అందక చచ్చిన ఎముక, ఏవీఎన్ అంటే అదే. మూడో దశ అంటే తల కుంగడం మొదలైందన్నమాట. ఏవీఎన్ ఉంటే రీసర్ఫేసింగ్ అసలే కుదరదని అనను. చచ్చిన భాగం చిన్నదైతే చేసే సర్జన్లున్నారు. పెద్దదైతే మాత్రం టోపీ కింద ఎముక కూలిపోతుంది, లేదా మెడ దగ్గర విరుగుతుంది. ‘మీ ఎముక మీకే మిగులుతుంది’ అన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. మిగిలేది బతికున్న ఎముకేనా అని అడగండి.

మీ అసలు భయం వయసు గురించేనని నా అనుమానం: ముప్ఫైల్లో మారిస్తే ఎన్నాళ్లుంటుంది? 2019లో ‘లాన్సెట్’లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం తుంటి మార్పిళ్లలో సుమారు 58 శాతం పాతికేళ్లు దాటి నిలిచాయి. అవన్నీ పాతతరం కీళ్లు. ఇప్పటి క్రాస్-లింక్డ్ ప్లాస్టిక్ గిన్నెలు వాటికంటే చాలా తక్కువ అరుగుతున్నాయి. అయినా చిన్న వయసులో చేయించుకున్నవాళ్లు కీలును ఎక్కువ వాడతారు కాబట్టి, మీకు జీవితంలో ఇంకోసారి ఆపరేషన్ పడొచ్చు. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. రెండో తుంటి ఫొటో కూడా తీయించండి. ఏవీఎన్ తరచుగా రెండు వైపులా వస్తుంది.

*

నాకు 45. పుట్టుకతోనే తుంటి గిన్నె లోతు తక్కువట, ఇప్పుడు అరిగిపోయింది. రీసర్ఫేసింగ్ అడిగితే ‘ఆడవాళ్లకు చేయం’ అన్నారు. ఇందులోనూ ఆడ, మగ తేడాలేనా?
- ఒక టీచరు, రాజమహేంద్రవరం

మీ కోపం న్యాయమైనదే, కానీ కారణం కొలతలో ఉంది. లోహం మీద లోహం తిరిగేటప్పుడు మధ్యలో పల్చటి ద్రవపు పొర నిలవాలి. తల పెద్దదైతే నిలుస్తుంది. చిన్నదైతే బరువు గిన్నె అంచు మీద పడి, రెండు లోహాలూ ఒకదాన్నొకటి గీరుకుంటాయి. రాలిన పొడి చుట్టూ ఉన్న కండను తినేస్తుంది. ఆడవాళ్ల తుంటి తలలు సాధారణంగా చిన్నవి. 1997లో బర్మింగ్‌హామ్ సర్జన్ డెరెక్ మెక్‌మిన్ తెచ్చిన కీలు ఈ రంగంలో అన్నిటికంటే పేరున్నది. దాన్ని తయారుచేసే కంపెనీయే 2015లో ఆడవాళ్లకూ, 46 మిల్లీమీటర్లు, అంతకంటే చిన్న తలలకూ వాడొద్దని చెప్పింది. పైగా గిన్నె లోతు తక్కువైన మీలాంటి వాళ్లలో దాన్ని సరైన కోణంలో అమర్చడం కష్టం.

లోహానికి బదులు సిరామిక్‌తో చేసిన రీసర్ఫేసింగ్ కీళ్లు విదేశాల్లో కొన్నేళ్లుగా వేసి చూస్తున్నారు. నేనైతే ఇరవయ్యేళ్ల ఫలితాలు చూడనిదే మా చెల్లెలికి వేయను.

*

2008లో నాకు లోహపు తుంటి వేశారు. నొప్పి లేదు. మార్కెట్లోంచి వెనక్కి తీసుకున్న కీళ్లంటూ పేపర్లో చదివి భయపడుతున్నాను.
- విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

భయం వద్దు, బీరువా వెతకండి. డిశ్చార్జి సమ్మరీలో ఇంప్లాంటు స్టిక్కరు అంటించి ఉంటుంది. డీప్యూ కంపెనీ వారి ఏఎస్ఆర్ అనే లోహపు కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో సుమారు 4,700 మందికి వేశారు. 2018లో కేంద్రం 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల దాకా పరిహారపు సూత్రం ప్రకటించింది. పేరు అదైనా, వేరే లోహపు కీలైనా, నొప్పి లేదని ఊరుకోకండి. రక్తంలో కోబాల్ట్, క్రోమియం చూపించుకోండి. లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే ఇంకా లోతుగా చూడాలి. లోహపు నీడలు తగ్గించే ప్రత్యేక పద్ధతిలో ఎమ్మారై తీయమని అడగండి. కిడ్నీల పనితీరు కూడా చెప్పండి, ఈ లోహాలు బయటికి పోవాల్సింది వాటి గుండానే.

*

పురోహితుణ్ణి. పీట మీద కూర్చోకపోతే వృత్తి సాగదు. మొత్తం తుంటి మారిస్తే మఠం వేయకూడదంటున్నారు.
- తెనాలి

ఈ ఒక్క విషయంలో రీసర్ఫేసింగ్‌ది పైచేయి అని ఒప్పుకోవాలి. టోపీ మీ సొంత తల అంత ఉంటుంది కాబట్టి కీలు జారడం తక్కువ. కానీ మొత్తం మార్పిడిలోనూ ఇప్పుడు 36 మిల్లీమీటర్ల బంతులున్నాయి, బంతి లోపల బంతి తిరిగే డ్యుయల్ మొబిలిటీ కీళ్లున్నాయి. ఆపరేషన్‌కు ముందే మీ వృత్తి సంగతి సర్జన్‌కు చెప్పండి, కీలు ఎంపిక దాన్ని బట్టే ఉండాలి. మఠం ఎప్పుడు వేయొచ్చో, అసలు వేయొచ్చో లేదో ఆయన చెప్పాలి. మొదటి మూడు నెలలు మాత్రం పీట ఊసెత్తకండి. కుర్చీలో కూర్చుని వ్రతం చేయిస్తే ఫలం తగ్గుతుందా అన్నది నా శాస్త్రంలో లేదు, మీరే చెప్పాలి.