శీతల మండల పినో న్వార్, షార్డొనే వైన్‌ల రుచి పరీక్ష: వర్ణన పద్ధతి

ఫ్రాన్స్ దేశపు తూర్పు భాగంలోని బర్గండీ ప్రాంతం రెండు ద్రాక్ష రకాలకు ప్రసిద్ధి చెందింది. నల్ల ద్రాక్షలో పినో న్వార్, తెల్ల ద్రాక్షలో షార్డొనే అక్కడి ప్రధాన పంటలు. రంగులో ఎంత భేదమున్నా ఈ రెండింటికీ రక్తసంబంధం ఉన్నది. పినో, గువే బ్లాంక్ అనే సాధారణ రకం సహజంగా సంకరమై షార్డొనే పుట్టిందని 1999లో డీఎన్ఏ విశ్లేషణ ద్వారా నిర్ధారించారు. చల్లని వాతావరణంలో ఈ రెండు రకాలూ తమ ఉత్తమ గుణాలను కనబరుస్తాయి. వాతావరణంలోని స్వల్ప మార్పు సైతం వీటి రుచిలో తెలిసిపోతుంది గనుక, ఇంద్రియ మూల్యాంకనం నేర్చుకొనే విద్యార్థికి ఇవి చక్కని పాఠ్యవస్తువులు.

వైన్ వర్ణనలలో అధిక భాగం తోటలో పని చేసే వారికి ఉపయోగపడదన్నది చేదు నిజం. "సొగసైనది", "గంభీరమైనది", "మనోహరమైన పరిమళం గలది" వంటి మాటలు రాసిన వ్యక్తి ఆనందాన్ని తెలుపుతాయే కాని, పండును మరో వారం తీగపై ఉంచవలసి ఉండెనా, పులియబెట్టే దశలో పొరపాటు జరిగిందా అన్నది తెలుపవు. ఒకరు రాసిన వర్ణనను చదివి మరొకరు పది గ్లాసుల నుండి అదే గ్లాసును గుర్తించగలిగినప్పుడే అది వర్ణన అనిపించుకుంటుంది. అందుకు ప్రతి మాట వెనుక ఉన్న కారణం వాతావరణమా, తీగా, పీపానా అన్నది పరీక్షకునికి తెలిసి ఉండాలి.

శీతల మండలం అంటే ఎంత చల్లన

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన అమెరైన్, వింక్లర్ 1944లో ప్రతిపాదించిన ఉష్ణ సంకలన పద్ధతి నేటికీ వాడుకలో ఉన్నది. ద్రాక్ష తీగ పెరుగుదలకు 10 డిగ్రీల సెల్సియస్‌ను కనీస ఉష్ణోగ్రతగా తీసుకొని, ఏప్రిల్ నుండి అక్టోబర్ వరకు ప్రతి దినపు సగటు అంతకు మించి ఎంత ఉన్నదో కూడుతారు. మొత్తం సుమారు 1390 యూనిట్లకు లోబడితే అది మొదటి మండలం, అనగా అత్యంత శీతల మండలం. బర్గండీ, షాంపేన్, అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు విల్లామెట్ లోయ ఈ కోవలోనివిగా పేరుపొందాయి.

పోలిక కోసం హైదరాబాదు పరిసరాలను తీసుకోవచ్చు. అనాబ్-ఎ-షాహీ రకానికి పేరుపొందిన ఈ నేలలో వేసవి దినపు సగటు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటుతుంది. అంటే రోజుకు 20 యూనిట్లకు తక్కువ కాదు. బర్గండీ తీగకు ఏడు నెలలలో అందే వేడి ఇక్కడి తీగకు 70 రోజులలోనే అందుతుందన్నమాట.

ఈ తేడా ప్రభావం ముందుగా ఆమ్లాలపై పడుతుంది. ద్రాక్షలోని ప్రధాన ఆమ్లాలు టార్టారిక్, మేలిక్. పండు పక్వమయ్యే కొద్దీ శ్వాసక్రియలో మేలిక్ ఆమ్లం ఖర్చవుతుంది. వేడి పెరిగితే ఆ ఖర్చు వేగవంతమవుతుంది. చల్లని రాత్రులున్న చోట చక్కెర నెమ్మదిగా చేరుతుంది, మేలిక్ ఆమ్లం ఎక్కువగా నిలిచి ఉంటుంది. శీతల మండల వైన్‌లో తీక్షణమైన పులుపు, మితమైన ఆల్కహాల్ కనిపించడానికి మూలకారణమిదే.

కన్ను చేసే మోసం

రుచి పరీక్షకు అలవాటైన వారిని సైతం రంగు తప్పుదారి పట్టిస్తుంది. మోరో, బ్రోషే, డ్యూబూర్డియు 2001లో ప్రచురించిన బోర్డో ప్రయోగంలో 54 మంది పరీక్షకులకు ఒక తెల్ల వైన్‌ను, వాసన లేని ఎర్ర రంగు కలిపిన అదే వైన్‌ను ఇచ్చారు. రంగు కలిపిన గ్లాసును వారు ఎర్ర వైన్‌లకు వాడే మాటలతోనే వర్ణించారు. ముక్కు కంటె ముందు కన్ను తీర్పు చెప్పిందన్నమాట.

పినో న్వార్ విషయంలో ఈ హెచ్చరిక మరింత అవసరం. చాలా నల్ల ద్రాక్ష రకాలలో ఆసైల్ సమూహం చేరిన ఆంథోసయనిన్‌లు కూడా ఉంటాయి. పినో న్వార్‌లో అవి లేవు. ఉన్నవి ఐదు సాధారణ ఆంథోసయనిన్‌లే. అందువలన దాని వైన్ లేత ఎరుపుగా, గ్లాసు ఆవలి వైపు కనిపించేంత పలుచగా ఉండవచ్చు. అంతమాత్రాన రుచిలో పస లేదని భావించరాదు. రంగు ప్రభావాన్ని తొలగించవలసిన పరీక్షలలో నల్లని గ్లాసులు వాడటం మంచిది.

నోటి నుండి మొదలుపెట్టడం

వాడుకలో వర్ణన వాసనతో మొదలవుతుంది. అభ్యాసకులకు మాత్రం నోటితో మొదలుపెట్టడమే మేలు. పులుపు, వగరు, చేదు, చిక్కదనం, ఆల్కహాల్ వేడి అనేవి కొన్నే. ఒక బృందంలోని సభ్యులు వీటిపై త్వరగా ఏకాభిప్రాయానికి వస్తారు. వాసనల జాబితాకు మాత్రం అంతు లేదు.

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన పరీక్ష గ్లాసు సుమారు 215 మిల్లీలీటర్లు పడుతుంది. అందులో 50 మిల్లీలీటర్లు మాత్రమే పోయాలి. షార్డొనేను 10 నుండి 13 డిగ్రీల వద్ద, పినో న్వార్‌ను 14 నుండి 16 డిగ్రీల వద్ద పరీక్షించవచ్చు. మరీ చల్లబరిస్తే వాసన అణగిపోయి వగరు పైకి వస్తుంది. మన గదుల ఉష్ణోగ్రతలో ఉంచితే ఆల్కహాల్ ముక్కుకు ఘాటుగా తగిలి తక్కినవన్నీ కప్పివేస్తుంది. చిన్న గుక్క తీసుకొని, నోరంతా తిప్పి, ఉమ్మివేయాలి. ఇది కేవలం మర్యాద కాదు; మింగుతూ పోతే పదవ నమూనాకు వచ్చేసరికి పరీక్షకుని నిర్ణయశక్తి మిగలదు.

పులుపును మూడు రకాలుగా గుర్తించడం నేర్చుకోవాలి. ఇందులో తెలుగు విద్యార్థికి వంటిల్లే ప్రయోగశాల. చింతపండులోని ప్రధాన ఆమ్లం టార్టారిక్. వైన్‌కు వెన్నెముక అయిన ఆమ్లమూ అదే. పచ్చని ఆపిల్ ముక్కలో పంటికి తగిలే కోసు పులుపు మేలిక్ ఆమ్లానిది. పెరుగులోని మెత్తని పులుపు లాక్టిక్ ఆమ్లానిది. వైన్ పులిసిన తరువాత ఈనోకాకస్ ఈనీ అనే బాక్టీరియా మేలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈ మార్పు జరిగిన షార్డొనేకు, జరగని షార్డొనేకు గల భేదం ఆపిల్ పులుపుకు, పెరుగు పులుపుకు గల భేదం వంటిదే.

ఇక వగరు. షడ్రుచులలో దీనికి స్థానమున్నందున తెలుగువారికి ఈ మాట చిన్ననాటి నుండే పరిచితం. లేత జామకాయ, నేరేడు పండు, కరక్కాయ తిన్నప్పుడు నాలుకా చిగుళ్లూ పట్టేసినట్లు ఉండే అనుభూతి అది. శాస్త్రరీత్యా ఇది ప్రధానంగా స్పర్శకు సంబంధించినది; టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి అవక్షేపించడం వలన నోటిలోని జారుడుతనం తగ్గుతుంది. నాలుక మూలన తెలిసే చేదుతో దీనిని కలపరాదు. గుక్క గుక్కకూ వగరు పేరుకుపోతుంది గనుక, రెండు నమూనాల నడుమ నీటితో పుక్కిలించి, కొంత వ్యవధి ఇచ్చి, నమూనాల వరుసను సభ్యులందరికీ వేర్వేరుగా మార్చాలి.

పినో న్వార్ తొక్క పలుచన. దాని వైన్‌లోని టానిన్లలో గింజల వాటా హెచ్చు. గింజ టానిన్ల వగరు తొక్క టానిన్ల కంటె గరుకుగా తోస్తుంది. పులుపు కూడా వగరును హెచ్చించి చూపుతుంది. కాబట్టి చల్లని సంవత్సరపు పినో న్వార్ గరుకుగా అనిపించినప్పుడు, దోషం పండని గింజలదా, లేక మితమైన టానిన్‌ను పులుపు పెద్దది చేసి చూపుతోందా అని విడదీయవలసి ఉంటుంది. మొదటిది కోత తేదీకి సంబంధించిన ప్రశ్న. రెండవది కాలక్రమంలో కొంత సర్దుకోవచ్చు.

వాసన ఎవరి వలన వచ్చింది

షార్డొనే స్వతహాగా ముక్కుపుటాలను అదరగొట్టే రకం కాదు. చల్లని చోట నిమ్మ, పచ్చ ఆపిల్, పియర్. వెచ్చని చోట పీచ్, అనాస వంటి పండ్ల వాసనలు వినవస్తాయి. పండు పక్వతను తెలిపే ఈ వరుసే వాతావరణానికి సాక్ష్యం. తక్కిన ప్రసిద్ధ వాసనలలో అధిక భాగం పండువి కావు. వెన్న వాసన డైఅసిటైల్ అనే పదార్థానిది. అది మేలిక్, లాక్టిక్ మార్పు జరిగేటప్పుడు పుడుతుంది. పెరుగు చిలికి తీసిన మన ఇంటి వెన్నలో ఈ వాసన స్పష్టంగా ఉంటుంది గనుక ఆదర్శ నమూనాగా దానినే వాడవచ్చు. నెయ్యి వాసన వేరు, రెండింటినీ ఒకటిగా రాయరాదు. వనిలా, కొబ్బరి వాసనలు ఓక్ పీపా నుండి వస్తాయి. రొట్టె పిండి వాసన అడుగున చేరిన ఈస్ట్ మడ్డిది. అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసనకు బెంజీన్‌మీథేన్‌థయాల్ అనే గంధక సమ్మేళనం కారణమని గుర్తించారు. బర్గండీలోనే ఉత్తరాన ఉన్న షాబ్లీలో స్టీలు తొట్లలో తయారైన వైన్‌ను, దక్షిణాన మర్సోలో 228 లీటర్ల పీపాలలో తయారైన వైన్‌ను పక్కపక్కన ఉంచితే, భేదంలో నేల వాటా ఎంతో, పీపా వాటా ఎంతో తేల్చడం అంత సులభం కాదు.

షాబ్లీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా "ఖనిజ రుచి" అనే మాట వినిపిస్తుంది. అక్కడి సున్నపు నేలలలో శిలాజమైన ఆల్చిప్పలు ఉన్న మాట వాస్తవమే. అయితే నేలలోని ఖనిజాలు వేరు ద్వారా అయాన్లుగా తీగలోకి చేరుతాయి; రాతికి తనదైన రుచి వైన్‌లోకి ఎక్కదు. ఈ మాట రాసేవారు చాలాసార్లు తీక్షణమైన పులుపు, తక్కువ పండ్ల వాసన, అగ్గిపుల్ల వాసన అనే మూడింటి కలయికనే ఉద్దేశిస్తున్నారు. ఆ మూడింటినీ విడివిడిగా రాస్తే సరిపోతుంది.

పినో న్వార్‌లో ఎర్ర చెర్రీ, రాస్ప్‌బెర్రీ, స్ట్రాబెర్రీ వాసనలు ప్రధానం. ఎండ హెచ్చిన చోట అవి నల్ల చెర్రీ, ప్లమ్, చివరికి జామ్ వైపు జరుగుతాయి. బర్గండీ పినో న్వార్ పరిమళంలో ఈథైల్ ఆంథ్రనిలేట్, ఈథైల్ సినమేట్ వంటి ఎస్టర్ల పాత్రను 1995లో వెల్లడించారు. కాబర్నే సావిన్యోన్‌లో పచ్చి క్యాప్సికం వాసనకు కారణమైన మెథాక్సీపైరజీన్ పినో న్వార్‌లో లెక్కకు రానంత స్వల్పం. కనుక ఇందులో పచ్చి వాసన వస్తే కాడలతో సహా గుత్తులను పులియబెట్టారేమో విచారించాలి. కాడలు మసాలా, టీ ఆకు వాసనలను సైతం ఇస్తాయి. కొందరు ఉత్పత్తిదారులు వాటిని కోరి తెచ్చుకుంటారు. నిల్వ ఉంచిన కొద్దీ పుట్టగొడుగులు, తడిసిన రాలుటాకుల వాసన చేరుతుంది.

పదానికి నమూనా తోడు

డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్, ఆమె సహచరులు 1984లో ప్రకటించిన వాసనల చక్రం ఈ రంగంలో మలుపు. చక్రం మధ్యన "పండు", "పూలు" వంటి విశాల పదాలు, అంచున ప్రత్యేక పదాలు ఉంటాయి. మెప్పుదల, నిందా పదాలకు అందులో చోటు లేదు. దాని అసలు బలం పదాల జాబితాలో కాక, ప్రతి పదానికీ ఒక భౌతిక నమూనా ఉండాలన్న నియమంలో ఉన్నది: వాసన తక్కువ గల వైన్‌లో ఆ పండును లేదా పదార్థాన్ని వేసి, బృందమంతా ముందుగా వాసన చూడాలి.

తెలుగు విద్యార్థులలో చాలామంది రాస్ప్‌బెర్రీని పుస్తకంలోనే చూసి ఉంటారు. వాసన చూడని పండు పేరును వర్ణనలో రాయడం వల్లెవేత మాత్రమే. శీతలీకరించిన పండునైనా తెప్పించి నమూనా తయారు చేయాలి. అది దొరకదని నేరేడును దాని స్థానంలో పెట్టడం మరొక పొరపాటు. వాటి వాసనలు వేరు. అయితే బృందం ఒక వైన్‌లో నిజంగా నేరేడునే గుర్తిస్తే, నేరేడు నమూనా చేసి ఆ మాటనే నిస్సంకోచంగా రాయవచ్చు.

బృందానికి భేదం నిజంగా తెలుస్తోందా అన్నది త్రికోణ పరీక్షతో ముందే తేల్చాలి. మూడు గ్లాసులలో రెండింటిలో ఒకే వైన్, మూడవదానిలో వేరొకటి పోసి, భిన్నమైనదానిని గుర్తించమంటారు. ఊహతో చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది. అందుచేత 12 మందిలో కనీసం 8 మంది సరిగా చెప్పినప్పుడే 5 శాతం స్థాయిలో భేదమున్నట్లు లెక్క. భేదమే తెలియని రెండు వైన్‌లకు వేర్వేరు వర్ణనలు రాయడం కాగితాన్ని వృథా చేయడమే.

కోత తేదీతో ముడి

బోన్ పట్టణంలో ద్రాక్ష కోత తేదీల వివరాలు 1354 నుండి లభిస్తున్నాయి. ఆ శ్రేణిని కూర్చిన పరిశోధకులు 2019లో ప్రకటించిన దాని ప్రకారం, 1988 తరువాతి కోతలు అంతకు ముందరి సగటు కంటె 13 రోజులు ముందుగా జరుగుతున్నాయి. 1987 వరకు కోత సగటున సెప్టెంబర్ 28న మొదలయ్యేది. పాత పాఠ్యగ్రంథాలు బర్గండీ పినో న్వార్‌కు ఇచ్చిన ఎర్ర చెర్రీ, పదునైన పులుపు అనే కొలతలు నేటి వెచ్చని సంవత్సరాలకు అన్నివేళలా సరిపడవు. ప్రాంతం పేరు చూసి రుచిని ముందే రాసుకొనే అలవాటుకు కాలం చెల్లింది.

ఉత్పత్తిదారుని ఎదుట నిలిచే ప్రశ్న ఏటా ఒకటే. వారం ఆగితే చక్కెర పెరుగుతుంది, గింజ ముదురుతుంది. అదే వారంలో ఆమ్లత్వం తగ్గుతుంది. వాన పడితే దగ్గరగా కూర్చుకున్న పినో గుత్తులలో బూడిద కుళ్లు వ్యాపిస్తుంది. అందుకే రుచి పరీక్ష సీసాకు ముందే, తోటలోనే మొదలవ్వాలి. వరుసలు, గుత్తి భాగాలు మారుస్తూ పండ్లను ఏరి, గుజ్జు పులుపును, తొక్క నమిలినప్పటి వగరును, గింజ రంగు ఆకుపచ్చ నుండి గోధుమ రంగుకు మారిన తీరును తేదీ వేసి నమోదు చేయాలి. తరువాతి సంవత్సరం ఆ వైన్ గ్లాసులోకి వచ్చినప్పుడు, "పులుపు ఎక్కువ, వగరు మధ్యమం, గరుకు, ఎర్ర చెర్రీ మధ్యమం, కాడ పచ్చి వాసన స్వల్పం" అన్న నాలుగు ముక్కల వర్ణనను ఆ తోట పుస్తకం పక్కన పెట్టి చదవాలి. గింజ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే కోశారని అందులో నమోదై ఉంటే, ఆ గరుకుతనానికి కారణాన్ని ముందుగా అక్కడే వెదకవచ్చు.