పాత అంబాసిడర్‌లో వేడి, మోత తగ్గించడం

పాత అంబాసిడర్‌ని బాగుచేయించేవాళ్లు ముందు పెయింటు మీదా, క్రోము బంపర్ల మీదా ఖర్చు పెడతారు. మే నెల మధ్యాహ్నం విజయవాడ నుంచి ఏలూరు దాకా ఒకసారి నడిపితే గానీ అసలు లోటు తెలియదు. టాపు రేకు కాలి తల వేడెక్కుతుంది. సైలెన్సర్ గొట్టం వేడికి పాదాలు చుర్రుమంటాయి. వెనక సీట్లో వాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి ఇది. 2014లో తయారీ ఆగేదాకా బాడీ రూపం పెద్దగా మారలేదు. ఇప్పుడు దొరికే సామానుతో ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గించవచ్చు. కాకపోతే పని వరస తప్పకూడదు.

ముందు ఒక సంగతి. మెరిసే షీటు ఒకటి కొని బండంతా అంటిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. రేకు అదరడం వేరు, గాలిలో వచ్చే మోత వేరు, వేడి వేరు. అదురుకి అల్యూమినియం పైపొర ఉన్న బ్యుటైల్ షీటు, గాలి మోతకి బరువైన వినైల్ షీటు, వేడికి ఫోమూ మెరుపు పొరా కావాలి. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

మొదట బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేసి సీట్లు, కార్పెట్టు, గడప పట్టీలు విప్పండి. కింద నల్లబడ్డ పాత ఫెల్టు కనిపిస్తుంది. మాస్కు కట్టుకుని మొత్తం గీకేయండి, ఒక్క ముక్క కూడా ఉంచొద్దు. ఏళ్ల తరబడి తేమ దాచుకున్నది అదే. పెడల్స్ కింద, గడపల లోపలి అంచు, వెనక సీటు అడుగు, డిక్కీ నేల, ఈ నాలుగు చోట్లా స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. రేకు మెత్తగా పలికితే అక్కడ కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. ఆ పని ఇప్పుడే అయిపోవాలి. ఫోము వేశాక వెల్డింగ్ అంటే నిప్పుతో చెలగాటం. మిగతా తుప్పుని వైర్ బ్రష్‌తో గీకి, రస్ట్ కన్వర్టర్, ఆపైన ప్రైమర్ వేసి, అతుకుల వెంట సీలెంట్ పట్టించి పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు మీద షీటు అంటిస్తే, పైకి అందంగానే ఉన్నా నేలను అది లోపల్లోపల తినేస్తూ పోతుంది. నా దృష్టిలో పాత బండికి చేసే అన్యాయాల్లో ఇంతకు మించింది లేదు.

తర్వాత రంధ్రాలు. చీకటి పడ్డాక బానెట్ కింద గట్టి లైటు వెలిగించి, బానెట్ మూసినంత దించి, లోపల కూర్చుని డ్యాష్‌బోర్డు కిందికి చూడండి. వైర్లు, కేబుళ్లు, స్టీరింగ్ రాడ్ దూరే ప్రతి సందులోంచీ వెలుగు కనిపిస్తుంది. వెలుగు వచ్చే దారిలోనే మోతా, వేడీ, ఇంజన్ పొగా వస్తాయి. వైర్లకు కొత్త రబ్బరు గ్రోమెట్లు వేయండి, వాడని రంధ్రాలు మూసేయండి. ఖరీదైన షీట్ల కంటే ఈ చవక పనే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఇప్పుడు బ్యుటైల్. ఇత్తడి బిందెను వేలితో కొడితే ఖంగుమంటుంది, దాని మీద అరచెయ్యి ఆనించి కొడితే మోగదు. ఈ షీటు ఆ అరచెయ్యి పని చేస్తుంది. అందుకే రేకంతా కప్పక్కర్లేదు. అంచుల దగ్గర రేకు బిగువుగానే ఉంటుంది, మధ్యలోనే అదురుతుంది. పలక మధ్యభాగంలో పావు నుంచి సగం దాకా కప్పితే చాలు, డబ్బూ బరువూ రెండూ మిగులుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడిచి, న్యూస్‌పేపర్‌తో కొలత తీసి కత్తిరించి అంటించండి. పైనున్న గళ్ల అచ్చు చదునయ్యేదాకా రోలర్‌తో నొక్కాలి. డాబాల మీద వేసే తారు షీటు చవకని కొందరు అదే వాడతారు. మన ఎండలకు అది మెత్తబడి వాసన కొడుతుంది, టాపుకి వేస్తే ఊడి నెత్తిన పడుతుంది.

దాని మీద 5, 6 మిల్లీమీటర్ల క్లోజ్డ్ సెల్ ఫోము వేయండి. స్పాంజిలా నీళ్లు పీల్చేది వద్దు. ఫోము మీద, నేలకీ ఫైర్‌వాల్‌కీ (ఇంజన్‌కీ లోపలి భాగానికీ మధ్య ఉండే అడ్డు రేకు) మాత్రం, బరువైన వినైల్. చదరపు మీటరు 5 కిలోల దాకా తూగుతుంది. నేల మీద దాన్ని అంటించకుండా పరిచి వదిలేయండి. వానలో నీళ్లు చేరితే ఎత్తి ఆరబెట్టుకోవచ్చు.

అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎడమ పక్కన ఉంటుంది. అందుకే డ్రైవరు కంటే పక్క సీట్లో వాళ్ల కాళ్లకి సెగ ఎక్కువ. ఆ భాగంలో ఇంజన్ వైపు ఫైర్‌వాల్‌కి వేడికి తట్టుకునే మెరుపు షీల్డు బిగించండి. మెరుపు ముఖం ఎదుట ఖాళీ జాగా ఉండాలి. దేనికైనా ఆనుకుంటే అది వేడిని తిప్పికొట్టలేదు.

టాపుకి లైనింగ్ విప్పి, తేలికపాటి బ్యుటైల్ ముక్కలు, పైన ఫోము చాలు, వినైల్ వద్దు. తలుపుల్లో బయటి రేకుకి లోపలి వైపు నుంచి బ్యుటైల్ అంటించండి. అద్దం దిగే దారికి అడ్డు రాకూడదు. తలుపు అడుగున నీళ్లు కారే రంధ్రాలను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయొద్దు. గట్టిపడ్డ తలుపు బీడింగులు కూడా ఇప్పుడే మార్చేయండి. అద్దాల్లోంచి దూరే ఎండను ఈ పొరలేవీ ఆపలేవు. బండి ఆపినప్పుడు అద్దాలకు లోపల నీడ తెరలు పెట్టుకోవాల్సిందే.

సీట్లు బిగించేటప్పుడు పెరిగిన మందానికి పాత బోల్టులు పొట్టి కావచ్చు, సరిపడా పొడవున్నవి తెచ్చుకోండి. కార్పెట్టు వేశాక క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్ మూడింటినీ చివరిదాకా తొక్కి చూడండి. ఏ ఒక్కటి కార్పెట్టుకి తగిలి ఆగినా, దాని కింద ఫోము కోసేసి మళ్లీ తొక్కి చూశాకే బండి రోడ్డెక్కాలి.