కుడిచేతి పాఠము: స్టీల్ గిటారు తీగను మీటుట, ఆపుట



ఈ పాఠము స్టీల్ గిటారు వాయించేవారి కొరకు, నేర్చుకోదలచిన యౌవనస్థుల కొరకు వ్రాస్తున్నాము. ఒడిలో పెట్టుకొని వాయించే ఆరు తీగల హవాయి గిటారైనా, నాలుగు కాళ్లమీద నిలిచే పది తీగల పెడల్ స్టీల్ గిటారైనా, కుడిచేతి పని ఒక్కటే. ఆ పనిలో రెండు భాగములు ఉన్నవి. తీగను మీటుట ఒకటి, మీటిన తీగను ఆపుట రెండవది. మొదటిది అందరూ నేర్చుకుంటారు. రెండవదానిని చాలామంది విడిచిపెడతారు. మేమును విడిచిపెట్టినవారమే.

మా లోపము మాకు తెలిసిన విధము

ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న రోజులలో మేము హవాయి గిటారు నేర్చుకున్నాము. 40 సంవత్సరములుగా సంఘములో పాటకు వాయిస్తూ వచ్చాము. రెండేళ్ల క్రిందట మా అల్లుడు విదేశము నుండి ఒక పాత పెడల్ స్టీల్ గిటారు తెచ్చి ఇచ్చారు. దానిని ఆంప్లిఫయరుకు తగిలించి ఆదివారము వాయించాము. ధ్వని ఎంతో బాగున్నదని నలుగురూ అన్నారు. మాకును సంతోషము కలిగినది.

మూడు వారములు గడిచిన తరువాత చూపు మందగించిన ఒక పెద్దమ్మగారు గుమ్మము దగ్గర మమ్మును ఆపి, "మాస్టారూ, మీ పెట్టె మోగుతూనే ఉంటుంది. మాకు నోరెత్తడానికి సందు దొరకడం లేదు" అన్నారు. ఆమె పాటల పుస్తకము చూడలేరు. ప్రక్కవారి నోట వచ్చే మాటను విని, దాని వెంట పాడతారు. మా తీగలు మోగుతూ ఉండుటచేత చరణములో ఒక మాట ఎక్కడ ముగిసినదో, తరువాతి మాట ఎక్కడ మొదలైనదో ఆమెకు వినబడలేదు. ఆ మూడు ఆదివారములు ఆమె పాడలేదు. ముందు వరుసలో కూర్చుని వాయిస్తూ కూడా మేము దానిని గమనించలేదు.

తీగ తనంతట తాను ఎందుకు ఆగదు?

మామూలు గిటారులో ఎడమచేతి వేలు తీగను ఫ్రెట్‌కు నొక్కి పట్టుకుంటుంది. వేలు సడలిస్తే స్వరము ఆగిపోతుంది. స్టీల్ గిటారులో తీగ ఫ్రెట్‌ను తాకనే తాకదు. ఆ గీతలు చోటు చూపే గుర్తులు మాత్రమే. నున్నని స్టీల్ బార్ తీగలమీద పైనుండి ఆని ఉండును. బార్‌ను ఒక చోటినుండి మరియొక చోటికి జరిపితే, అప్పటికి మోగుతున్న తీగలన్నియు దానితో పాటు జారుతూ మోగును. తమిళనాడులోని మన పాఠకులు గోటువాద్యములో ఈ జారుడును వినియుందురు.

హవాయి దీవులలో 1874లో పుట్టిన జోసెఫ్ కెకుకు గారిని ఈ వాద్యమునకు ఆద్యునిగా ఎంచుతారు. 1940లలో టౌ మో అనే హవాయి కళాకారుడు కుటుంబముతో కలకత్తాలో నివసించి ఈ వాద్యమును మన దేశములో వ్యాప్తి చేసినవారిలో ఒకరు. అమెరికాలో దీనికి పెడల్స్ చేరినవి. 1954లో వెబ్ పియర్స్ పాడిన పాటలో బడ్ ఐజాక్స్, తీగ మోగుతూ ఉండగానే పెడల్ నొక్కి స్వరమును మార్చి వినిపించినప్పటి నుండి పెడల్ స్టీల్ అక్కడి కంట్రీ సంగీతములో స్థిరపడినది. కరెంటు, వాల్యూమ్ పెడల్ తోడగుటచేత మ్రోత ఇంకను ఎక్కువసేపు నిలుచును. అందుచేత ఒడి గిటారులో 40 సంవత్సరములు దాగియున్న మా లోపము, పెడల్ స్టీల్‌లో మూడు వారములకే బయటపడినది.

ఇది భాషలోనూ ఉన్నది. "అక్క" అని పలికి చూడండి. మధ్యలో శ్వాస ఒక్క క్షణము ఆగును. ఆ ఆగుట లేకపోతే "అ" అనే మ్రోత మిగులునే గాని మాట పుట్టదు. తబలా వాయించే సహోదరులకు మోగే దెబ్బ, మూసిన దెబ్బ తెలుసు. మూసిన దెబ్బ లేకపోతే తాళము లేదు. స్టీల్ గిటారులో ఆ మూత కుడిచేతి బాధ్యత. దీనినే బ్లాకింగ్ అంటారు.

పిక్‌లు, చేతి అమరిక

బొటనవేలికి ప్లాస్టిక్ పిక్, చూపుడు వేలికి, నడిమి వేలికి లోహపు పిక్‌లు తొడగవలెను. క్రొత్తవారు లోహపు పిక్‌ను గోరు మీదికి వచ్చునట్లు తొడుగుతారు. అది తప్పు. పిక్ రేకు వేలి మెత్తని భాగము వైపు ఉండవలెను. ఊడిపోనంత బిగువు చాలును. వేలు తిమ్మిరెక్కితే అది ఎక్కువ బిగువు. బొటనవేలు మననుండి అవతలికి మీటును. తక్కిన రెండు వేళ్లు అరచేతి వైపు మీటును. ఉంగరపు వేలు, చిటికెన వేలు బిగించకుండా లోపలికి ముడుచుట మాకు అనుకూలముగా ఉన్నది. బ్రిడ్జికి మరీ దగ్గరగా మీటితే ధ్వని గట్టిగా, పదునుగా వచ్చును. కొంచెము ఎడమకు జరిగితే మెత్తబడును.

అరచేతితో ఆపుట

దీనిని పామ్ బ్లాకింగ్ అంటారు. చిటికెన వేలి క్రింది అరచేతి అంచు తీగలమీద ఆనియుండును. మీటే క్షణములో ఆ అంచు కొద్దిగా లేచును. స్వరము పలికిన తరువాత మరల దిగును. బియ్యపు గింజ మందము లేచినా చాలును. తీగలమీద చేతిని కొట్టకూడదు. కొడితే ఆ చప్పుడు కూడ ఆంప్లిఫయరులో వినబడును. నిద్రించే బిడ్డ నుదుటిమీద చేయి వేసినంత తేలికగా దించవలెను. మోచేతినుండి కాదు, మణికట్టునుండి కదలిక రావలెను.

పిక్‌తో ఆపుట

దీనిని పిక్ బ్లాకింగ్ అంటారు. బొటనవేలితో 5వ తీగను మీటారనుకొనండి. చూపుడు వేలు 4వ తీగను మీటే క్షణములోనే బొటనవేలి పిక్ తిరిగి వచ్చి 5వ తీగమీద ఆనవలెను. ఒక తీగ ఆగుట, ఇంకొకటి పలుకుట ఒకేసారి జరుగును. వేగముగా సాగే స్వరములకు ఇది బాగుగా పనికివచ్చును. అయితే ఆడుతున్న తీగమీద లోహము మోటుగా దిగితే "టిక్" మను శబ్దము వచ్చును.

అమెరికా కళాకారులలో లాయిడ్ గ్రీన్ అరచేతి పద్ధతికి, పాల్ ఫ్రాంక్లిన్ పిక్ పద్ధతికి పేరు పొందినవారు. ఏది గొప్పదని వాదించుకొనుట వృథా. మొదట అరచేతి పద్ధతి స్థిరపరచుకొని, తరువాత రెండవది కలుపుకొనుడని మా సలహా. ఎడమచేతిని కూడ మరువకూడదు. బార్ వెనుక ఉంగరపు వేలు, చిటికెన వేలు తీగలమీద తేలికగా ఆనియుంటే వెనుక భాగపు అదురు ఆగును.

అభ్యాసము

1. బార్‌ను 5వ ఫ్రెట్‌మీద నిలుపుడి. మెట్రోనోమును నిమిషమునకు 60 దెబ్బలకు అమర్చుడి. బొటనవేలితో 5వ తీగను మీటి ఒక దెబ్బ మోగనిచ్చి, రెండవ దెబ్బకు ఆపుడి. తరువాత చూపుడు వేలితో 4వ తీగ అదే విధముగా. ఆరు తీగల గిటారువారు 3వ, 2వ తీగలమీద చేయవచ్చును.

2. అది కుదిరిన తరువాత నడిమి వేలితో 3వ తీగను (ఆరు తీగలవారు 1వ తీగను) చేర్చుడి. మూడింటిని ఒకేసారి మీటి, ఒకేసారి ఆపుడి.

3. 5వ ఫ్రెట్‌లో మీటి, ఆపి, ఆ మౌనములోనే బార్‌ను 7వ ఫ్రెట్‌కు జరిపి మరల మీటుడి. మధ్యలో జారిన శబ్దము ఏ మాత్రము వినబడకూడదు. ఇదే అసలు పరీక్ష.

ఉదయము 10 నిమిషములు, సాయంకాలము 10 నిమిషములు చాలును. ఈ అభ్యాసములో వాల్యూమ్ పెడల్‌ను కదపకూడదు. అది తప్పులను కప్పివేయును. వారమునకు ఒకసారి మొబైల్ ఫోనులో రికార్డు చేసి వినండి. వాయించేటప్పుడు మన చెవి మనకు పక్షపాతము చూపును, ఫోను చూపదు.

ఎప్పుడు ఆపకూడదు?

ప్రతి స్వరమును నరికివేయుట కూడ తప్పే. ఇ నైన్త్ అమరికలో బార్ పెట్టక 4, 5, 6 తీగలను మీటితే స, ప, గ పలుకును. అవి మోగుతుండగా మొదటి రెండు పెడల్స్ నొక్కితే అవే తీగలు స, ద, మ గా మారును. ఈ వాద్యపు అందమంతా ఆ మార్పులో ఉన్నది. అక్కడ చేయి అడ్డుపెట్టకూడదు. అమెరికాలో హౌస్ ఆఫ్ గాడ్ అనే నల్లజాతి క్రైస్తవ సంఘములలో 1930ల చివరినుండి స్టీల్ గిటారు ఆరాధనలో ప్రధాన వాద్యముగా ఉన్నది. అక్కడివారు దానిని పాడేవాని గొంతువలె పలికిస్తారు. గొంతు సాగదీయవలసిన చోట సాగదీయును, ఊపిరి తీసుకొనవలసిన చోట ఆగును. మన చేతికి కొలత అదే.

అరవై దాటిన బొటనవేలికి ఇది సులువుగా రాలేదు. ఆరు నెలలు ఆదివారము నాడు పెడల్ స్టీల్ ముట్టకుండా ఇంటిలో ఈ మూడు అభ్యాసములే చేశాము. ఏడవ నెలలో మరల వాయించినప్పుడు కండ్లు తీగలమీద పెట్టి, చెవి ఆ పెద్దమ్మగారి వరుసవైపు పెట్టాము. మొదటి చరణము ఆమె విన్నారు. రెండవ చరణములో గొంతు కలిపారు. వెళ్లేటప్పుడు మాతో ఏమియు అనలేదు. మాకు అది చాలినది.

పునర్విమర్శ ప్రశ్నలు

1. మామూలు గిటారులో స్వరము ఆగే విధమునకు, స్టీల్ గిటారులో ఆగే విధమునకు భేదమేమి?
2. లోహపు పిక్‌ను వేలికి ఏ వైపు తొడగవలెను?
3. పిక్ బ్లాకింగ్‌లో ఒకే క్షణమున జరిగే రెండు పనులు ఏవి?
4. మీరు వాయించేటప్పుడు మీ ప్రక్కన పాడుట మానివేసినవారు ఎవరైనా ఉన్నారా? వచ్చే ఆదివారము గమనించండి.