చించి పారేసే కవరులో పదిహేడు అల్లికలు

(పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ గణితం)



వార్షికోత్సవ సంచికకు "పిల్లలు ఏదైనా నేర్చుకునే వ్యాసం రాయి, సొంత గొప్పలు వద్దు" అని వార్డెన్ మేడం ఫోన్‌లో చెప్పారు. స్టాంపులు, నాణేలు సేకరించడం గురించి పాత సంచికల్లో వచ్చింది. వాటికి కాస్తో కూస్తో డబ్బు కావాలి. నేను చెప్పబోయే సేకరణకు ఒక్క పైసా అక్కర్లేదు. బ్యాంకు నుంచో బీమా ఆఫీసు నుంచో ఉత్తరం వస్తే, అది తీసుకుని మనం చించి పారేసే కవరు చాలు. కాకపోతే ఆ కవరును బయటి నుంచి కాదు, లోపలి నుంచి చూడాలి.

ఈసారి అలాంటిది దొరికితే అంచు కత్తిరించి లోపలికి చూడండి. కొన్నింట్లో ఉత్త తెల్ల కాగితమే ఉంటుంది. కొన్నింట్లో నీలం, నలుపు లేదా బూడిద రంగులో సన్నని గీతలు, అలలు, గళ్లు, చిన్న చిన్న ముద్రలు ఒత్తుగా అచ్చువేసి ఉంటాయి. అవి అందం కోసం వేసినవి కావు. లోపలి ఉత్తరాన్ని బయటివాళ్లు చదవకుండా వేసిన తెర అది. వీటినే సెక్యూరిటీ కవర్లు అంటారు.

ఇది ఎలా పనిచేస్తుంది? కాగితం అంటే నారపోగుల పొర. దాని మీద పడిన వెలుతురు పోగుల మధ్య చెదిరిపోతుంది, కొంత అవతలికి దాటుతుంది. మామూలు కవరును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుంటే, ఉత్తరంలో ఇంకు ఉన్నచోట వెలుతురు ఆగి అక్షరాలు నీడలా కనిపిస్తాయి. ఈ రాత్రి స్టడీ అవర్‌లో చేసి చూడండి. ఒక కాగితం మీద మీ పేరు రాసి, దాని మీద ఇంకో తెల్ల కాగితం పెట్టి దీపానికి ఎదురుగా పట్టుకుంటే పేరు చదవగలరు. ఇప్పుడు పై కాగితం వెనక వైపంతా పెన్నుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి మళ్లీ పట్టుకోండి. పేరు అక్కడే ఉంటుంది, కంటికి మాత్రం చిక్కదు. ఏది అక్షరం కొమ్ము, ఏది వట్టి గీత అన్నది కన్ను తేల్చుకోలేదు. "ఆ బాధెందుకు, మొత్తం నల్లగా పూసేస్తే పోలేదా?" అని నా రూమ్మేటు అడిగింది. పూయవచ్చు గానీ ఇంకు చాలా పడుతుంది. అక్షరం మందంలో ఉన్న గీతలైతే తక్కువ ఇంకుతోనే పని జరుగుతుంది.

అలాగని ఇది ఇనప్పెట్టె కాదు. మిరపకాయ బజ్జీలు కట్టిన కాగితం చూశారు కదా, నూనె అంటినచోట అవతలి అక్షరాలు కనిపిస్తాయి. పోగుల మధ్య గాలి ఉండే చోట నూనె నిండడంతో వెలుతురు చెదరడం తగ్గుతుంది. కవరుకైనా అంతే. పట్టుబట్టి చదవాలనుకునేవాణ్ణి ఈ గీతలు ఆపలేవు. దారినపోయే కళ్లను మాత్రం ఆపుతాయి.

నాకీ పిచ్చి ఎలా పట్టిందో ఇక్కడ చెప్పాలి. (మేడం, ఇది గొప్ప కాదు.)

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా ఇంటికి ఒక కవరు వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ చదువు రాదు. నాన్న దాన్ని తీసుకుని వీధి చివరి చిల్లర కొట్టుకు వెళ్లాడు. కొట్టాయన చదువుకున్నవాడు, మంచివాడే. చించి, నలుగురి ముందు గట్టిగా చదివి అర్థం చెప్పాడు. అమ్మ పుస్తెలు తాకట్టుపెట్టి తెచ్చిన అప్పుకు గడువు దాటిందనీ, కట్టకపోతే వేలం వేస్తామనీ నోటీసు. అమ్మ పుస్తెలు తాకట్టులో ఉన్నాయని అప్పటిదాకా మా నాయనమ్మకు కూడా తెలియదు. సాయంత్రానికి ఊరంతటికీ తెలిసింది. ఆ తర్వాత చాలా రోజులు అమ్మ ఉప్పుకు కూడా ఆ కొట్టుకు వెళ్లలేదు, నన్ను పంపేది.

చిరిగిన ఆ కవరును నేను ఆడుకోవడానికి తెచ్చుకున్నాను. లోపలంతా నీలి అలలు. చేపల బొమ్మ గీస్తే బాగుంటుందనుకున్నాను, అంతే. అవి ఎందుకున్నాయో ఏళ్ల తర్వాత తెలిసింది. ఎవరూ చదవకూడదని వేసిన ఆ అలలు లారీల్లో, పోస్టు సంచుల్లో అంత దూరం తమ పని చేసుకుంటూ మా గుమ్మం దాకా వచ్చాయి. మా గుమ్మంలోకి వచ్చాకే వాటికి పని లేకుండా పోయింది.

ఏడో తరగతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇంకో కవరు వచ్చింది. నాన్న కొట్టుకు వెళ్లలేదు. తలుపు దగ్గరగా వేసి నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీషులో ఉంది. సగం మాటలు నాకు రాలేదు. ఫోటోలు, ఆధార్ నకలు తెచ్చి ఖాతా వివరాలు సరిచూసుకోమని మాత్రం కూడబలుక్కుని చెప్పాను. నేను గుసగుసగా చదివాను, నాన్న గుసగుసగానే "ఇంతేనా" అన్నాడు. రహస్యం ఏమీ లేని ఉత్తరం! నా సేకరణ పుస్తకంలో మొదటి పేజీ ఆ కవరుదే. లోపల బూడిద రంగు గళ్లు.

కవరు చరిత్ర కూడా కొంచెం తెలుసుకోవాలి. ఉత్తరాన్ని దాచడం కాగితం కన్నా పాతది. దాదాపు 4,000 ఏళ్ల కిందట అస్సీరియా వర్తకులు మట్టిపలకల మీద ఉత్తరం రాసి, దానిపైన ఇంకో మట్టిపొర చుట్టి ముద్ర వేసేవారు. చదవాలంటే పై మట్టిని పగలగొట్టాలి. ఎవరైనా దొంగచాటుగా చదివితే దాచుకోలేరు. బ్రిటన్‌లో 1840కి ముందు ఎన్ని కాగితాలుంటే అంత పోస్టు రుసుము. కవరు కూడా ఒక కాగితమే కాబట్టి, చాలామంది ఉత్తరాన్నే మడిచి లక్క వేసేవారు. 1840లో బరువును బట్టి రుసుము వచ్చాక కవర్ల వాడకం పెరిగింది. 1845లో ఎడ్విన్ హిల్, వారెన్ డి లా రూ అనేవారు కవర్లు మడిచే యంత్రానికి పేటెంటు పొందారు. చిరునామా కనబడే కిటికీ కవరుకు 1902లో అమెరికాలోని చికాగో నగరవాసి అమెరికస్ కాలహాన్ పేటెంటు తీసుకున్నాడు.

ఏటీఎం పిన్ నంబరు పంపే కవరు వీటన్నిటిలోకీ తెలివైనది. దాన్ని ముందే అంటించేస్తారు. ఆ తర్వాత ఇంకు రిబ్బను లేని సూదుల ప్రింటరుతో బయటి నుంచి కొడితే, లోపలి కార్బన్ వల్ల లోపలి కాగితం మీద అంకెలు పడతాయి. అంకెలు పడేచోట అక్షరాల కలగాపులగం ముద్రించి ఉంటుంది కాబట్టి బయటికి ఏమీ కనిపించదు. నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు స్కాలర్‌షిప్ ఖాతాల కార్డులు వచ్చాయి. ఒక్కరోజే గదిలో పదకొండు కవర్లు! అన్నింటి లోపలా ఒకే డిజైను అని తేలేసరికి నీరుగారిపోయాను. ఇప్పుడు చాలా బ్యాంకులు పిన్‌ను ఫోన్ ద్వారానో ఏటీఎం దగ్గరో పెట్టుకోమంటున్నాయి. కాబట్టి ఆ కవరు మీ కంటబడితే వదలకండి.

ఇక అసలు పాఠం. కవరు లోపలి డిజైను ఎందుకు పదేపదే అదే వస్తుంది? ముద్రించే రోలరు గుండ్రంగా తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు అదే బొమ్మ మళ్లీ పడుతుంది. మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చును పక్కపక్కన వేసుకుంటూ పోయినట్టే. ఇలా నాలుగు దిక్కులా మళ్లీ మళ్లీ వచ్చే అల్లికలు లక్షల్లో ఉండవచ్చు. కానీ అవి తిరిగే తీరు, అద్దంలో ప్రతిబింబించే తీరు చూసి వర్గాలు చేస్తే, సరిగ్గా 17 రకాలే ఉంటాయి. పద్దెనిమిదోది లేదు, రాదు. దీన్ని 1891లో రష్యా శాస్త్రవేత్త ఫెదొరోవ్ నిరూపించాడు. 1924లో జార్జ్ పోల్యా మళ్లీ విడిగా కనుక్కున్నాడు. డచ్ చిత్రకారుడు ఎషర్ పోల్యా వ్యాసంలోని 17 బొమ్మలను చూసి నేర్చుకున్నాడు. ఎమ్మెస్సీ తరగతిలో ఈ సంగతి విన్న రోజు నేను పాఠం మిగతాది వినలేదు. ట్రంకు పెట్టెలో ఉన్న నా కవర్లే కళ్ల ముందు తిరిగాయి.

పరీక్షించడం సులువు. కవరు లోపలి డిజైనును ట్రేసింగ్ కాగితం మీద దించండి. ఒక బిందువు దగ్గర గుండుసూది గుచ్చి పై కాగితాన్ని తిప్పండి. సగం చుట్టుకు కింది బొమ్మతో కలిసిందా? మూడో వంతుకు కలిసిందా? పావు చుట్టుకు, ఆరో వంతుకు? తేనెపట్టు గళ్లు ఆరో వంతుకే కలుస్తాయి. చతురస్రపు గళ్లు పావుకు కలుస్తాయి. కంపెనీ ముద్ర ఒకే దిక్కుగా అచ్చువేసి ఉంటే, సాధారణంగా పూర్తి చుట్టు తిరిగితే గాని కలవదు. అదే ముద్రను వరస మార్చి వరస తలకిందులుగా వేస్తే సగం చుట్టుకు కలుస్తుంది. తర్వాత ఒక అద్దం ముక్క నిలబెట్టి, సగం బొమ్మ, దాని ప్రతిబింబం కలిసి అసలు బొమ్మ అవుతున్నదా అని చూడాలి. తడి ఇసుకలో మన అడుగుజాడల్లాగా, ప్రతిబింబం కొంచెం ముందుకు జరిగి కలిసే రకం కూడా ఉంది. అదే కాస్త కష్టం. ఒక హెచ్చరిక: ఉత్త సమాంతర గీతల కవరు ఈ పదిహేడులోకి రాదు. గీత పొడవునా ఎంత జరిపినా అదే గీత కదా.

ఐదో వంతు ఎందుకు చెప్పలేదని అడుగుతారా? పదో తరగతి త్రికోణమితి చాలు. ఐదో వంతు, అంటే 72 డిగ్రీలు, తిప్పితే కలిసే కేంద్రాల్లో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న రెండింటిని అ, ఆ అనుకోండి. మధ్య దూరం ఒక సెంటీమీటరు. అ చుట్టూ ఆ ను, ఆ చుట్టూ అ ను, ఎదురెదురు దిక్కుల్లో, ఒకే వైపుకు వచ్చేలా 72 డిగ్రీలు తిప్పండి. వచ్చిన రెండు కొత్త బిందువులూ అలాంటి కేంద్రాలే కావాలి. వాటి మధ్య దూరం 1 – 2 కాస్ 72. కాస్ 72 సుమారు 0.309. అంటే దూరం 0.382 సెంటీమీటర్లు. అన్నిటికన్నా దగ్గర అనుకున్న వాటికన్నా దగ్గరగా ఇంకో జంట వచ్చింది! అనుకున్నదే తప్పు. కవరు మీద ఐదు రేకుల పువ్వు ఉండవచ్చు, కానీ అల్లిక మొత్తం ఐదో వంతుకు తిరిగి కలవదు.

పోయిన సంక్రాంతికి ఈ పుస్తకం ఇంటికి తీసుకెళ్లాను. నాయనమ్మ ఈతాకు చాపలు అల్లుతుంది. ఒక పేజీ దగ్గర ఆగి, "ఇదేందే, మన చాప అల్లిక కాయితం మీదికి ఎప్పుడొచ్చింది?" అంది. అడ్డగీతల గడి, నిలువుగీతల గడి మార్చి మార్చి ఉన్న డిజైను అది. నాలుగు గళ్లు కలిసే మూల దగ్గర సూది గుచ్చి తిప్పితే పావు చుట్టుకు కలుస్తుంది. అయినా ఆ మూల గుండా అద్దం పెడితే కలవదు. అద్దం గడి మధ్యలో పెట్టాలి. పుస్తకాల్లో దీని పేరు పీ-ఫోర్-జీ. నాకు అది అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. నాయనమ్మ చాప మూలను చేత్తో తిప్పి చూపించి, మళ్లీ పనిలో పడింది.

సేకరించేవారికి నాలుగు మాటలు. ఇతరుల ఉత్తరం ఎప్పుడూ విప్పకూడదు. మనకు కావలసింది వాళ్లు విప్పేసి, ఇస్తామన్న కవరు మాత్రమే. చిరునామా, ఖాతా నంబరు ఉన్న ముక్కను ముందే చించి వాళ్లకే ఇచ్చేయండి. అతుకుల దగ్గర తడిగుడ్డ అద్ది ఐదు నిమిషాలు ఆగితే బంక వదులుతుంది. వంటగదిలో అన్నం గిన్నె ఆవిరికి పట్టినా వస్తుంది గానీ నేను రెండుసార్లు వేళ్లు కాల్చుకున్నాను. కిటికీ మీద ప్లాస్టిక్ పొర ఉంటే ఒలిచేయాలి. ఆరాక పాత లాంగ్ నోట్స్ మధ్య పెట్టి, పైన ట్రంకు పెట్టె ఉంచితే తెల్లారేసరికి చదునవుతుంది. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో పక్కన పెన్సిలుతో రాయండి. ఎక్కువ ఉన్నవాటితో బుక్‌మార్కులు చేయవచ్చు. విప్పిన కవరునే తిరగేసి పాత మడతల మీద మళ్లీ మడిచి అంటిస్తే, డిజైను బయటికి వచ్చి కొత్త కవరు తయారవుతుంది. పోయిన ఏడాది నా స్నేహితురాళ్లకు న్యూ ఇయర్ గ్రీటింగులు అలాగే పంపాను. అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సన్ (1830–1886) వాడేసిన కవర్ల ముక్కల మీద కవితలు రాసుకుంది. ఆ ముక్కల ఫోటోలతో 2013లో ఒక పుస్తకమే వచ్చింది.

పదిహేడులో ఇప్పటికి పదకొండు రకాలు నాకు దొరికాయి. మూడో వంతుకు తిరిగేవి ఒక్కటీ దొరకలేదు. మీ ఇంటికి వచ్చే కవర్లలో కనిపిస్తే, చిరునామా ముక్క చించేసి, హాస్టల్ లైబ్రరీ బీరువా కింది అరలో అట్టపెట్టె పెట్టించాను, అందులో వేయండి. దసరా సెలవుల తర్వాత వచ్చి తీసుకుంటాను.