గొఱ్ఱెలలో పిడుదు జ్వరములు – కనిపెట్టు విధము

వాన తప్పి పంట చేతికి రాని సంవత్సరములలో మెట్ట ప్రాంతపు కుటుంబములను నిలబెట్టునది గొఱ్ఱెల మంద. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము తెలంగాణములో సుమారు 1 కోటి 91 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షలు గొఱ్ఱెలు గలవు. అనగా దేశములోని గొఱ్ఱెలలో దాదాపు సగము ఈ రెండు రాష్ట్రములలోనే యున్నవి. చిటుకు రోగము, నీలి నాలుక, బొబ్బ రోగము మన కాపరులకు తెలిసినవే. కాని రక్తములో దాగియుండి, పైకి తెలియకుండ మందను క్షీణింపజేయు రోగములు మరికొన్ని గలవు. వానిని మోసికొని వచ్చునది పిడుదు. దీనినే కొన్ని ప్రాంతములలో గోమారి యందురు.

పిడుదు చేయు హాని

పిడుదు రక్తమును పీల్చుటతో ఆగదు. రోగమున్న గొఱ్ఱె రక్తముతో పాటు అందలి సూక్ష్మజీవులను గూడ తన శరీరములోనికి తీసికొని, తరువాత మరియొక గొఱ్ఱెను కఱచునపుడు వానిని లాలాజలముతో ఎక్కించును. పిడుదు రోగవాహకమని మొదట నిరూపించినవారు అమెరికా శాస్త్రజ్ఞులైన థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనువారు. ఆవుల జ్వరమును గూర్చిన వారి పరిశోధన 1893లో వెలువడినది. పిడుదు కఱచిన తరువాత సాధారణముగా ఒకటి మొదలు మూడు వారములలో జ్వరము బయటపడును.

మూడు ముఖ్య రోగములు

మొదటిది థైలీరియా. ఈ పరాన్నజీవి ముందు తెల్ల రక్తకణములలో వృద్ధి పొంది, పిమ్మట ఎఱ్ఱ రక్తకణములలో ప్రవేశించును. తీవ్రమైన జ్వరము, జబ్బ ముందు భాగమున బిళ్ళలు కట్టుట, ఆయాసము, రక్తహీనత దీని గుర్తులు. రెండవది బెబీసియా. ఇది ఎఱ్ఱ కణములను పగులగొట్టును. అందువలన మూత్రము ఎఱ్ఱగానో, కాఫీ రంగుగానో వచ్చును, కన్నులు పచ్చబడును. మూడవది అనాప్లాస్మా. ఇది నిజమునకు పరాన్నజీవి కాదు, ఒక విధమైన బాక్టీరియా. అయినను పిడుదువలననే వచ్చును. ఇందు రక్తము మెల్లగా తగ్గిపోవును గాని మూత్రము ఎఱ్ఱబడదు.

ఈ మూడింటికి మందులు వేరు. థైలీరియాకు బుపార్వాక్వోన్, బెబీసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ వాడుదురు. ఒకదాని మందు మరియొకదానికి వేసినచో డబ్బు పోవును, దినములు పోవును, తుదకు గొఱ్ఱెయు పోవును. కావున రోగమేదియో సరిగా గుర్తించుటయే చికిత్సలో మొదటి మెట్టు.

కాపరి చూడవలసినవి

మేతకు వెనుకబడిన గొఱ్ఱెను వెంటనే వేరుచేసి క్రింది విషయములను పరిశీలింపవలెను.

1. జ్వరము: ఉదయము చల్లని వేళ మలద్వారములో థర్మామీటరు నుంచి చూడవలెను. ఆరోగ్యముగా నున్న గొఱ్ఱెకు సుమారు 102 నుండి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి యుండును. 104 దాటినచో అనుమానింపవలెను. ఎండలో తోలుకొని వచ్చిన వెంటనే చూచినచో లెక్క తప్పును.

2. కన్ను: క్రింది రెప్పను దించి లోపలి పొరను చూడవలెను. ఎఱ్ఱగా నుండవలసిన పొర తెల్లబడినచో రక్తము తగ్గినదని యర్థము.

3. బిళ్ళలు: రెండు జబ్బల ముందును తడిమి చూడవలెను.

4. మూత్రము: దాని రంగును గమనింపవలెను.

5. పిడుదులు: చెవుల లోపల, తోక క్రింద, చంకలలో, పొదుగు చుట్టును, గిట్టల సందులలో వెదకవలెను. నెల్లూరు గొఱ్ఱెకు పొట్టి వెండ్రుకలే గనుక పిడుదు తేలికగా కనబడును. దక్కనీ గొఱ్ఱెకు ఉన్నిని పాయలు తీసి చూచిన గాని కనబడదు.

ఇచ్చట ఒక పొరపాటు తరచుగా జరుగుచుండును. కన్ను తెల్లబడగానే నట్టలని తలచి నట్టల మందు త్రాగించి ఊరకుందురు. నట్టలవలన గూడ కన్ను తెల్లబడును, దవడ క్రింద నీరు చేరును. కాని సాధారణముగా జ్వరముండదు. కన్ను తెల్లబడి జ్వరము గూడ నున్నచో అది రక్తపరీక్ష చేయింపవలసిన గొఱ్ఱె.

రక్తపు పూత

ఈ పరీక్షకు గొప్ప యంత్రములు అవసరము లేదు. పశువైద్య సిబ్బంది చెవి అంచున వెండ్రుకలు తీసి, స్పిరిటుతో తుడిచి, ఆరిన పిమ్మట సూదితో గ్రుచ్చి చిన్న బొట్టును గాజు పలకపై తీసికొందురు. మరియొక పలక అంచుతో దానిని ఏటవాలుగా నెట్టి పలుచని పూతగా చేయుదురు. పూతను గాలికే ఆరనీయవలెను. నిప్పు సెగ చూపరాదు, ఈగలను వ్రాలనీయరాదు. తరువాత మిథైల్ ఆల్కహాలులో నిలుకడ చేసి, జీమ్సా రంగు నద్ది సూక్ష్మదర్శినిలో చూతురు. థైలీరియా ఎఱ్ఱ కణములో చిన్న ఉంగరము వలెను పుడక వలెను, బెబీసియా జంటగా నున్న బేరిపండ్ల వలెను, అనాప్లాస్మా కణపు అంచున ముదురు చుక్క వలెను కనబడును.

రెండు సంగతులు మరువరాదు. మందు వేయకముందే, జ్వరము ఎక్కువగా నున్నపుడే పూత తీయింపవలెను. పూతపై గొఱ్ఱె గుర్తును, తేదీని వ్రాయింపవలెను.

కనబడనంత మాత్రమున లేదనరాదు

జబ్బుపడి కోలుకొన్న గొఱ్ఱెల రక్తములో ఈ జీవులు కొద్దిపాటిగా మిగిలియుండును. అట్టి గొఱ్ఱె పైకి ఆరోగ్యముగానే యుండి, పిడుదుల ద్వారమున మందకంతకు రోగము నంటించును. అంత స్వల్ప సంఖ్య సూక్ష్మదర్శినికి చిక్కకపోవచ్చును. ప్రయోగశాలలలో జరుగు పీసీఆర్ అను జన్యుపరీక్ష దానిని గూడ పట్టగలదు. మందలో పలు గొఱ్ఱెలకు జబ్బు వచ్చుచు, పూతలలో ఏమియు కనబడనపుడు ఈ పరీక్షకై వైద్యుని కోరవలెను.

మందకు కాపుదల

సంతలో కొన్న గొఱ్ఱెలను మూడు వారములైనను వేరుగా నుంచి, పిడుదులను తొలగించి, జ్వరము చూచిన పిమ్మటనే మందలో కలుపవలెను. ఆడ పిడుదు నేలపై వేలకొలది గ్రుడ్లు పెట్టును గనుక గొఱ్ఱె శరీరముపై మందు కొట్టించుట చాలదు. దొడ్డి గోడల పగుళ్ళను పూడ్చి, పెంటను ఎప్పటికప్పుడు తీయవలెను. మందు మోతాదును వైద్యుడే నిర్ణయింపవలెను. పిడుదులను వట్టి చేతితో నలుపరాదు. కొన్ని జాతులు మనుష్యులకు గూడ రోగములను తెచ్చును.

పశువైద్యశాల దూరముగా నున్నచో 1962 నంబరుకు ఫోను చేసి సంచార వైద్యవాహనమును పిలువవచ్చును. ఒక థర్మామీటరు, ఒక గాజు పలక, సకాలమున కొంచెము శ్రద్ధ – ఇవి యున్నచో ఒక గొఱ్ఱె జబ్బు మంద జబ్బు కాకుండ ఆపవచ్చును.