ఎంబీబీఎస్ సీటు ఒక్కటే వైద్యం కాదు

ఖమ్మం జిల్లా కల్లూరు, సత్తుపల్లి వైపు నుంచి నా దగ్గరకు సలహా కోసం వచ్చే తల్లిదండ్రులు చాలామంది అడిగేది ఒకటే: "మావాడు బైపీసీ సార్, ఎంబీబీఎస్ రాకపోతే ఇంకేముంది?" పక్కనే కూర్చున్న పిల్లాడు ఆ మాట వింటున్నాడన్న ధ్యాసే ఉండదు. నర్సింగ్, ల్యాబ్ కోర్సులు ఓడిపోయినవాళ్లకేనని ఇంట్లోనే నూరిపోస్తున్నాం. ఈ చిన్నచూపు చదువుతో పోదు, వార్డు దాకా వెళ్తుంది. డాక్టరు నర్సు మాట పట్టించుకోడు, నర్సు చెప్పడానికి జంకుతుంది, నష్టపోయేది రోగి.

పాము కాటునే తీసుకోండి. మిరప చేలో పనిచేస్తున్న కూలీని 108 అంబులెన్స్‌లో తెచ్చారు. కాటు ఎప్పుడు పడింది, దారిలో మనిషి ఎలా ఉన్నాడు అన్నది అంబులెన్స్‌లో వెంట వచ్చిన ఈఎంటీకే (అత్యవసర వైద్య సహాయకుడికే) తెలుసు. ఆసుపత్రికి చేరాక శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందో లేదో చూడాలి. మధ్యలో ఎవరైనా గొట్టం కదిపితే ఆ ఫలితాన్ని నమ్మలేం. గడ్డకట్టకపోతే డాక్టరు యాంటీ వీనమ్ మొదలుపెట్టిస్తారు. పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని రోగిని కనిపెట్టుకుని ఉండేది నర్సు. ఒంటి మీద దద్దుర్లు లేస్తే ముందు ఆమె కంటికే కనిపిస్తాయి. "సార్, ఆపాలి" అనే ధైర్యం ఆమెకు, వెంటనే వినే గుణం డాక్టరుకు ఉండాలి. నీట్ ర్యాంకులో ఇది కనబడదు.

అలాగని ఈ కలిసి పనిచేసే గుణాన్ని కొలవలేమా? కొలవొచ్చు. వేర్వేరు కోర్సుల పిల్లలు కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే చెప్పింది. మన ఎంబీబీఎస్‌లో 2019 నుంచి అమలైన పాఠ్యప్రణాళిక కూడా డాక్టరు బృందానికి నాయకుడే కాదు, సభ్యుడు కూడా అంటోంది. పరీక్షలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా ఎవరికివారే రాసేవి. "నేను అందరితో కలిసి పనిచేస్తాను" అని ఫారంలో టిక్కు పెట్టించుకుంటే సరిపోదు. మెడికల్, నర్సింగ్, ల్యాబ్ విద్యార్థులను ఒక నమూనా రోగి ముందు నిలబెట్టి చూడాలి. డోసు వినగానే నర్సింగ్ అమ్మాయి తిరిగి చెప్పి ఖాయం చేసుకుందా? ల్యాబ్ అబ్బాయి ఫలితం నేరుగా డాక్టరుకు చెప్పాడా, కాగితం బల్ల మీద పెట్టి వెళ్లాడా? మార్కులు ఒక్కొక్కరికీ వేయాలి, జట్టుకూ వేయాలి.

ఇక డబ్బు సంగతి. ఎకరం తాకట్టు పెట్టి మూడోసారి లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు పంపే ముందు పిల్లాడిని అడగండి, వాడికి ఇష్టముందా అని. గదిలో ఒంటరిగా బిట్లు చేస్తూ పక్కవాడిని పోటీదారుగానే చూడటం అలవాటైన పిల్లలు తర్వాత జట్టులో ఇమడలేక సతమతమవుతారు. విదేశీ ఎంబీబీఎస్ ఏజెంట్లు తిరిగొచ్చాక రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ అర్హత పరీక్ష గురించి గట్టిగా చెప్పరు. సొంత ఆసుపత్రి గానీ, ఏ ఆసుపత్రితోనైనా ఒప్పందం గానీ లేని పారామెడికల్ కాలేజీలో ఫీజు కట్టొద్దు. రోగిని చూడని చదువు అది.

మరి నర్సింగ్ వైపు వెళ్లాలంటే? బీఎస్సీ నర్సింగ్‌కు ఇంటర్ బైపీసీ చదివి, 17 ఏళ్లు నిండి ఉండాలి.

నన్నడిగితే, మనుషులతో ఓపిగ్గా మాట్లాడే పిల్లలకు బీఎస్సీ నర్సింగే మొదటి దారి, రెండో దారి కాదు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. దూరం వెళ్లకుండానే పెద్దాసుపత్రి వార్డులు చూడొచ్చు. ఏ కాలేజీలో చేరాలనుకున్నా ముందు అక్కడి సీనియర్లను కలవండి. వార్డు డ్యూటీలో వేరే కోర్సుల వాళ్లతో కలిసి పనిచేయిస్తారా, ఆ పనికి మార్కులు ఎవరు వేస్తారు అని అడగండి.