కంప్యూటర్‌లో కాలగణన: 2038 నేర్పుతున్న పాఠం

కంప్యూటర్‌కు పంచాంగం తెలియదు. దానికి తెలిసినది లెక్కించడం ఒక్కటే. యూనిక్స్ సంప్రదాయానికి చెందిన ఆపరేటింగ్ సిస్టములు అంతర్జాతీయ ప్రమాణ కాలం ప్రకారం 1970 జనవరి 1వ తేదీ ప్రారంభ క్షణం నుంచి గడచిన సెకన్లను లెక్కించి, ఆ సంఖ్యనే కాలంగా గ్రహిస్తాయి. ఆ సంఖ్య అన్ని దేశాలలోను ఒక్కటే. మన దేశంలో 5 గంటల 30 నిమిషాలు, నేపాల్‌లో 5 గంటల 45 నిమిషాలు కలపడం తెరపై చూపేటప్పుడు మాత్రమే జరుగుతుంది.

ఈ సంఖ్యను నిలుపుకొనే దత్తాంశ రకానికి 'టైమ్_టి' అని పేరు. పాత యంత్రాలలో దీనికి 32 బిట్లు కేటాయించారు. అందులో ఒక బిట్టు ధన, ఋణ భేదాన్ని తెలుపుతుంది. మిగిలిన 31 బిట్లలో ఇమిడే గరిష్ఠ సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19వ తేదీ ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ పాత్ర నిండిపోతుంది. మరుసటి సెకనులో సంఖ్య ఋణాత్మకమై, తేదీ 1901 డిసెంబరుకు మరలిపోతుంది.

ఇది దూరపు ప్రమాదమని ఉపేక్షించరాదు. 2010లో 30 ఏళ్ల గడువుతో ఇచ్చిన గృహ రుణానికి చివరి వాయిదా 2040లో వస్తుంది. ఆ తేదీని ఇటువంటి పాత్రలో లెక్కగట్టే ప్రోగ్రాము 2010లోనే పొరబడుతుంది.

పరిష్కారం 64 బిట్ల పాత్ర. సెకన్లలో లెక్కిస్తే అది దాదాపు 29,200 కోట్ల సంవత్సరాలకు సరిపోతుంది. అదే పాత్రలో సెకనులో నూరు కోట్లవ వంతైన నానోసెకన్లను లెక్కిస్తే సుమారు 292 సంవత్సరాలే ఇముడుతాయి. కనుక పాత్ర వెడల్పును, కొలమానాన్ని కలిపి నిర్ణయించాలి.

అయితే పాత్రను మార్చడం ఒక్కచోట ముగిసే పని కాదు. ఆపరేటింగ్ సిస్టము 8 బైట్లు అందిస్తుండగా ప్రోగ్రాము 4 బైట్లే ఆశిస్తే, పక్కనున్న సమాచారం తారుమారవుతుంది. దస్త్రాలలో భద్రపరచిన పాత తేదీలకూ ఇదే చిక్కు. 32 బిట్ల యంత్రాలపై 2038 తరువాత కూడా పనిచేయగల సామర్థ్యం లినక్స్ కెర్నెల్‌కు 2020 మార్చిలో విడుదలైన 5.6వ రూపంతో సమకూరింది. కాని కెర్నెల్ సిద్ధమైనంత మాత్రాన దానిపై నడిచే ప్రోగ్రాములు సిద్ధమైనట్లు కాదు. వాటిని కూడా కొత్త కొలతకు అనుగుణంగా తిరిగి నిర్మించాలి.

నాడు నాలుగు బైట్ల పొదుపు వివేకమే. నేడు ప్రోగ్రాము రాసే యువకులు తమ రచన తమ ఉద్యోగకాలాన్ని మించి జీవించవచ్చునని గుర్తించి పాత్రను ఎన్నుకోవాలి.